రెండో వరుస చివరి మనిషి

చర్చిలో ఆదివారం ఆరాధనను నేరుగా ప్రసారం చేసే ఆయన్ని సంఘంలో అందరూ కెమెరా అన్న అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఎవరి కళ్ళు చెమరుస్తాయో, ఎవరి చేతులు లేస్తాయో ముందే పసిగట్టి అటు తిప్పేవాడు. పనిలో దిట్ట, పంతంలో మొండిఘటం.

ఆయన భార్య పాటల బృందంలో రెండో వరుస చివర, స్తంభం పక్కన నిలబడేది. మొదటి ఏడాదిలోనే ఎవరో వాళ్ళిద్దరి వెనకే మెట్లు దిగుతూ, "ఇంకేం, పెళ్ళాం ఎటుంటే కెమెరా అటే!" అని నవ్వారు. అది ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఆనాటి నుంచి కెమెరా ఆ వరుస మీదుగా మెల్లగా నడిచి, ఆవిడకు ముందు మనిషి దగ్గర గీత గీసినట్టు ఆగిపోయేది. పైగా అదో గొప్ప. "నా దగ్గర మనవాళ్ళు, పరాయివాళ్ళు అని ఉండదు" అని చాటుకునేవాడు.

"ఈ వారమైనా నేను పడ్డానా?" అని ఆవిడ అప్పుడప్పుడు అడిగేది.

"రోజూ ఇంట్లో కనిపిస్తూనే ఉన్నావుగా!" అనేవాడు. ఆవిడ నవ్వేసి ఊరుకునేది. ఆ నవ్వును నమ్మి నిశ్చింతగా ఉన్నాడు, తెలివితక్కువ మనిషి.

పోయిన ఏడాది ఆవిడ గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది. నెలల పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, అమ్మ పాడింది ఒక్కటి పంపించు. చంటిదానికి వినిపించాలి."

"ఒక్కటేమిటే, పంతొమ్మిదేళ్ళవి ఉన్నాయి" అన్నాడు ధీమాగా.

వారం రోజులు వెతికాడు. ఒక మోచెయ్యి దొరికింది. ఇంకోచోట పాటల పుస్తకం పట్టుకున్న రెండు వేళ్ళు. గొంతు పదిమంది గొంతుల్లో కలిసిపోయింది, ఏది ఆవిడదో కట్టుకున్నవాడికే తెలియలేదు. తన చేతుల్ని చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

ఎనిమిదో రోజున ఒక ఫైలు తెరిచాడు. ఆ ఆదివారం ఆయనకు జ్వరమొస్తే తమ్ముడు కెమెరా పట్టుకున్నాడు. ఆ వారం ఏం తీశాడో ఆయన ఏనాడూ చూసుకోలేదు. ముందు వరుసలో పాడే అమ్మాయి రాలేదు కాబోలు, రెండో చరణానికి మైకు ఆవిడకు ఇచ్చారు. ఒక్కతే పాడుతోంది. తమ్ముడికి ఈయన పంతాలేం తెలుసు? కెమెరాను నెమ్మదిగా అటు తిప్పుతున్నాడు. ఈయన కుర్చీలో ముందుకు జరిగాడు.

కెమెరా తనవైపు రావడం ఆవిడ చూసింది. పాట ఆపకుండానే, మైకు పట్టుకుని రెండడుగులు పక్కకు వేసి స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది. చరణం అయ్యేదాకా తెరమీద ఆ స్తంభమే ఉంది. దాని వెనక నుంచి ఆవిడ గొంతు, తేటగా, ఎక్కడా తడబడకుండా వినిపించింది.

ఆయన వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది.

"అలా ఎందుకు దాక్కున్నావే?" అన్నాడు.

ఆవిడ బల్లమీది కాగితం అందుకుని రాసింది.

"మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకూడదని."