శోకాల సుందరమ్మ మా పెద్దమ్మే

మా పెద్దమ్మ ఆదిలక్ష్మమ్మది వడమాలపేట పక్కన ఒక చిన్న పల్లె. చదువు లేదు. చెనక్కాయలు ఒలుస్తుంది, రెండు పాడి ఎనుములను మేపుతుంది, మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పోతుంది. ఈ పనులు ఆ పల్లెలో ఇంకో నలభైమంది ఆడవాళ్లు కూడా చేస్తారు. ఆమె ఒక్కతే చేసే పని మాత్రం ఒకటుండేది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా శోకం పెట్టడానికి మా పెద్దమ్మ పోవాల్సిందే. ఎవరూ పిలవరు, చావుకు పిలుపులుండవు కదా. కబురు తెలిసిన మరుక్షణం పేడ చేతులు కడుక్కుని బయలుదేరేది. కూలికి ఏడ్చే మనిషి కాదు. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే చేయి వెనక్కి పెట్టుకునేది.

ఆమె పద్ధతి వేరు. చావింటికి పోగానే ఏడుపు అందుకునేది కాదు. ముందు ఆ ఇంటి కోడలినో కూతురినో పక్కకు పిలిచి చెవిలో మూడు సంగతులు అడిగేది. కడపట ఏం తినింది, ఏం తినాలని అడిగింది, ఎవరికోసం చూసింది. ఆ మూడూ తెలుసుకున్నాక శవం తలాపున కూర్చుని, కొంగు నడుముకు బిగించి, ఎడమచేయి చెవి మీద పెట్టుకుని గొంతెత్తేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఏమి తిని పోతివి తల్లో!" ఆ మాట వినపడగానే అంతవరకూ బిగుసుకుపోయి కూర్చున్న కూతుళ్లు ఘొల్లుమనేవాళ్లు. ఊరంతా ఏడ్చేది. చిన్నప్పుడు నేను కూడా ఎందుకేడుస్తున్నానో తెలియకుండానే ఏడ్చాను.

అలాంటి మనిషిని పట్టుకెళ్లి నవ్వులపాలు చేసింది నేనే. నా పేరు గిరిప్రసాద్. ఇందులో సినిమా వాళ్ల తప్పెంత, జనం తప్పెంత అని లెక్కలు తీయడం నాకు చేతకాదు. నా వాటా మాత్రం నాకు బాగా తెలుసు.

తిరుపతిలో ఒక టీవీ ఛానల్లో కామెడీ షోకు స్కిట్లు రాసేవాడిని. వారానికి రెండు రాయాలి. ఒక వారం బుర్రలో ఏమీ తట్టలేదు. బుధవారం షూటింగ్, మంగళవారం సాయంత్రానికి కాగితం ఖాళీ. అప్పుడు పెద్దమ్మ గుర్తొచ్చింది. ఎవరు చచ్చినా వాలిపోయి "ఏమి తిని పోతివి" అని అడిగే ఒక ఆడమనిషి. ఎందుకడుగుతుంది? ఆ ఇంట్లో తినడానికి ఏముందో తెలుసుకోవడానికి! అంతే, గంటలో స్కిట్ అయిపోయింది. దానికి శోకాల సుందరమ్మ అని పేరు పెట్టాను. మునికుమార్ అనే నటుడు చీర కట్టుకుని ఆ వేషం వేశాడు. "ఏమి తిని పోతివి తల్లో" అంటూ ఒక కన్ను వంటింటి వైపు తిప్పేవాడు. ఎనిమిది నిమిషాలు. జడ్జీలు కుర్చీల్లోంచి కింద పడ్డంత పనిచేశారు. వారం తిరిగేసరికి అది ప్రతి ఫోన్లోనూ ఉంది.

నెల తర్వాత చిత్తూరు నుంచి దామోదరం అనే ఆయన పిలిపించాడు. మామిడి గుజ్జు వ్యాపారం. సినిమా తీయాలని కోరిక.

"ఎనిమిది నిమిషాలు బాగానే నగితిమప్పా. రెండు గంటలు ఎట్ల నగేది? ఆ సుందరమ్మ ఎవురు, యాడిది, ఎందుకట్ల తిరగతా ఉండాది? కథ యాడుండాది?" అన్నాడు.

న్యాయమైన మాటే. స్కిట్లో మనిషి అక్కర్లేదు, ఒక చేష్ట చాలు. సినిమాకు మనిషి కావాలి. ఆ మనిషిని తెచ్చుకోవడానికి రెండు వారాలు పెద్దమ్మ ఇంట్లో మకాం వేశాను. మునికుమార్ కూడా వచ్చాడు. ఆమె వెంట చావులకు పోయాం. ఆ స్కిట్ మా పెద్దమ్మ మీదేనని అప్పటికింకా ఎవరూ పట్టలేదు. ఆమె కొంగు బిగించే తీరు, ముక్కు తుడుచుకుని మళ్లీ రాగం అందుకునే తీరు మునికుమార్ నేర్చుకున్నాడు. ఒకరోజు ఆమె ఎదుటే చేసి చూపించాడు. పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పక్కింటి రుక్మిణమ్మ అయితే గోడకు చేరగిలబడిపోయింది.

ఈ రుక్మిణమ్మ సంగతి చెప్పాలి. ఆమె, మా పెద్దమ్మ ఒకే ఏడు ఆ పల్లెకు కోడళ్లుగా వచ్చారు. నలభైయేళ్లుగా గోడకు అటొకరు ఇటొకరు. ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉండేది. ఎవరు ముందు పోతే వాళ్లకు రెండోవాళ్లు శోకం పెట్టాలి. రుక్మిణమ్మకు కూతుళ్లు లేరు, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. కొడుకు ఎక్కడో లారీ తోలుతుంటాడు. "నాకు ఏడ్సేదానికి ఇది తప్ప ఎవురుండారు నాయనా? ఇది ముందు పోయిందంటే నన్ను దిక్కులేనిదాని మాదిరి ఎత్తకపోతారు" అని నాతోనే అనింది. నవ్వుతూనే అనింది కానీ ఆమెకు అది నిజమైన భయమే.

ఆ రోజుల్లోనే పెద్దమ్మను అడిగాను. "ఎందుకు పెద్దమ్మా, ముందు తిండి సంగతే ఎత్తుకుంటావు?"

పెద్దమ్మ చెనక్కాయలు ఒలవడం ఆపి నన్ను వింతగా చూసింది. "పోయినోళ్లను ఇంగేమి అడిగేదిరా? కడాన ఒక ముద్ద ఎవురు పెట్టినారు, ఎవురు పెట్టలేదు, అది ఒగటే కదా ఆ ఇంట్లో మిగిలేది. పెట్టినోళ్లకు ఆ మాట ఇంటే మనసు సల్లబడతాది. పెట్టనోళ్లకు కడుపు మండతాది. ఇద్దరూ ఏడుస్తారు. ఏడిస్తే దిగిపోతాది. ఏడవకుంటే లోపలే ఉండిపోతాది" అనింది.

నేను తిండిపోతుతనం అనుకుని జోకు రాసింది ఈ మాట మీదా!

ఆ సంగతిని సినిమా రెండో సగంలో పెట్టాను. సుందరమ్మ తల్లి పోతుంది. సుందరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి "ఏమి తిని పోతివమ్మా" అని అడుగుతుంది. ఆ ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. పన్నెండు నిమిషాల సీను. మునికుమార్ చీర కట్టుకునే చేశాడు, అయినా సెట్లో ఒక్కరూ నవ్వలేదు. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. సినిమా మొత్తంలో నిజం ఆ పన్నెండు నిమిషాలే.

ఎడిటింగ్ అయ్యాక దామోదరం చూశాడు. "అంతా బాగుండాదప్పా. అది మాత్రం తీసెయ్. నగేదానికి వచ్చినోళ్లను ఎందుకు సంపతావు?" అన్నాడు. నేను పోట్లాడానని చెప్పుకుంటే బాగుంటుంది. పోట్లాడలేదు. నా మొదటి సినిమా అది, విడుదలైతే చాలనుకున్నాను. సరే సార్ అన్నాను. ఆ అనడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

సినిమా ఆడింది. ఆడటమంటే మామూలుగా కాదు, యాభై రోజులు. తిరుపతిలో మొదటి ఆదివారం మ్యాట్నీకి పెద్దమ్మ, రుక్మిణమ్మ, పల్లెలోని ఆడవాళ్లంతా టెంపో కట్టించుకుని వచ్చారు. హాలు హాలంతా ఊగిపోయింది. పెద్దమ్మ కూడా కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "బలే దించినాడురా ఆ పిల్లోడు నన్ను" అని మురిసిపోయింది. విజయోత్సవంలో ఆమెను స్టేజీ ఎక్కించి శాలువా కప్పాం. "ఏమి తిని పోతివి తల్లో" ఫోన్లలో రింగ్‌టోన్ అయ్యింది. పుత్తూరు బస్టాండులో టీ అంగడి వాళ్లు కూడా ఆ మాటతోనే గిరాకీని పిలిచేవాళ్లు. నేను తలెగరేసుకుని తిరిగాను.

ఆ తర్వాత నెల రోజులకు పెద్దమ్మ వీధిలోనే చెంగయ్య అనే పెద్దాయన పోయాడు. పెద్దమ్మ ఎప్పటిలాగే పోయింది. కోడలిని పక్కకు పిలిచి అడిగింది. తలాపున కూర్చుని కొంగు బిగించింది. ఆ కొంగు బిగించేటప్పుడే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ఏమి తిని పోతివి సామీ" అనేసరికి కుర్రవాళ్లు పగలబడి నవ్వారు. పెద్దవాళ్లు కసిరారు, కసురుతూనే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. చెంగయ్య భార్య కొంగులో ముఖం దాచుకుంది. ఆమె భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని పెద్దమ్మ దగ్గరికి తీసుకోబోయింది. ఆమె ఏడవడం లేదు. ఆపుకోలేక నవ్వుతోంది. మొగుడి శవం ముందు నవ్వినందుకు ఆ తర్వాత మూడు రోజులు తల గోడకేసి కొట్టుకుందట.

రెండోసారి ఇంకో ఊళ్లో పెద్దమ్మ గడపలో కాలు పెట్టగానే ఫోన్లు పైకి లేచాయి. మూడోసారి మునిప్రసాద్ అనే రైతు వాళ్ల అమ్మ పోయింది. అతను వాకిట్లోనే ఎదురొచ్చి చేతులు జోడించాడు. "తప్పుగా అనుకోవద్దు పెద్దమ్మా. నువ్వు లోపలికొస్తే మా అమ్మ ముందర అందరూ నగతారు. పోయిరా తల్లీ" అన్నాడు. మా సీమలో చావింటికి పగవాడు వచ్చినా దారి ఇస్తారు. మా పెద్దమ్మను వాకిట్లోనే వెనక్కి పంపారు.

ఈ సంగతులు నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. దామోదరం రెండో భాగం తీద్దామన్నాడు, కొత్త సరుకు కోసం మళ్లీ పల్లెకు పోయాను. అప్పుడు తెలిసింది. నామీద తిట్లు కురుస్తాయనుకున్నాను. పెద్దమ్మ తిట్టలేదు.

"నన్ను జూసి నగితే నగనీరా. నాకేమి పోయింది? పీనుగ ముందర నగతారే, ఆ ఇంటోళ్లు ఏమైపోవల్ల? నా వల్ల వాళ్లకు ఏడుపు లేకుండా పోయింది కదరా" అనింది. ఆ మాటకంటే చెప్పు తీసుకుని కొట్టి ఉంటే బాగుండేది.

అప్పటికి రుక్మిణమ్మ మంచం పట్టి రెండు నెలలు. కాలేయం చెడిపోయిందన్నారు, తిరుపతి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. పెద్దమ్మ రోజూ పోయి కూర్చునేది కానీ ఇద్దరూ ఆ ఒప్పందం ఊసెత్తేవాళ్లు కాదు. నేను పోయిన రెండోరోజు మధ్యాహ్నం, ఆ ఇంటి కోడలు కోమలి పొలంలో కయ్య దగ్గరికి వెళ్లిన సమయంలో రుక్మిణమ్మే ఆ మాట ఎత్తింది. నేను వాకిట్లో తిన్నె మీద ఉన్నాను. లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఏమే, నేను పోతే ఏడుస్తావా?"

"ఎట్ల ఏడ్సేదే? నేను నోరు తెరిస్తే నీ పీనుగ ముందర ఊరంతా నగతాది. నిన్ను అట్ల పంపీలేనుమే."

రుక్మిణమ్మ అనింది: "అట్లయితే ఇబ్బుడే ఏడువు. వాకిలెయ్యి. నేను ఇంటా."

"నీకేమన్నా పిచ్చా? బతికుండే మనిషికి శోకం పెడితే ఆయుస్సు తగ్గిపోతాది."

"తగ్గేదానికి ఈడ ఇంకా ఎంతుండాదే? వాకిలెయ్యి."

తలుపు మూసుకుంది. మంచం కిర్రుమంది, పెద్దమ్మ తలాపున కూర్చున్నట్టుంది. అడగడానికి కోడలు ఇంట్లో లేదు, కూతురు లేనేలేదు. తిన్నగా గొంతెత్తింది.

"ఏమి తిని పోతివే రుక్మిణీ!"

అంతలో సన్నటి గొంతు జవాబిచ్చింది. "రవంత రాగిగంజి. కోమలే తాపింది. ఉప్పు ఎక్కువేసింది, ఆ మాట మాత్రం సెప్పొద్దు, పాపం బాధపడతాది."

నవ్వు తన్నుకొచ్చింది నాకు. లోపల వాళ్లిద్దరూ కూడా నవ్వారు. పెద్దమ్మ మళ్లీ అందుకుంది. "ఏమి కావాలని అడిగితివే?" పనసతొనలు అని చెప్పింది రుక్మిణమ్మ, అది కాలం కాదని తనే అనింది. "ఎవురికోసం సూస్తివే?"

మంచం మళ్లీ కిర్రుమంది.

"మా నాయన కోసం. నన్ను ఈడ దింపేసి, పండక్కు వచ్చి తీసకపోతానని సెప్పి పోయినాడు. యాడికి పోయినాడో, ఏమైపోయినాడో, మళ్లా రాలే. ఏ బస్సు నిలిచినా ఇబ్బుటిదంకా సూస్తానే ఉండానుమే."

"నలభయ్యేండ్లు గోడ పక్కన ఉండి నాతో సెప్పలేదే!" అని అరిచింది మా పెద్దమ్మ. ఆ అరుపే శోకమైంది. అలాంటి శోకం నేనెప్పుడూ వినలేదు. రాని నాయనను పిలిచింది, నిలవని బస్సులను తిట్టింది, పెండ్లినాటి రుక్మిణమ్మ చేయి పట్టుకుని ఆ శోకంలోనే ఊరంతా చూపించింది. మధ్యలో రుక్మిణమ్మ "ఆ పొద్దు వాన లేదుమే, ఎండ" అని దిద్దుతోంది, ఏడుస్తోంది, ఇంకా చెప్పమంటోంది. తిన్నె మీద కూర్చుని నేను కూడా ఏడ్చాను. ఈసారి ఎందుకో తెలిసి ఏడ్చాను. ఆ సాయంత్రమే దామోదరానికి ఫోన్ చేసి రెండో భాగం నా వల్ల కాదన్నాను.

తొమ్మిది రోజులకు రుక్మిణమ్మ పోయింది. వాకిలి నిండా జనం. సుందరమ్మ వస్తుందని పక్కూళ్ల కుర్రవాళ్లు కూడా వచ్చారు, ఫోన్లు జేబుల్లోంచి బయటికొచ్చాయి. పెద్దమ్మ వచ్చింది. పుట్టింటివాళ్లు కప్పాల్సిన చీర తనే తెచ్చి కప్పింది. తలాపున కూర్చుని, రుక్మిణమ్మ నుదుటి మీద వెంట్రుకలు సర్దింది. అందరూ ఎదురుచూశారు. ఆమె నోరు తెరవలేదు. వాయిస్తున్న పలకలు ఆగాయి, పాడె సిద్ధమైంది.

కోమలి తట్టుకోలేకపోయింది. పెద్దమ్మ కాళ్ల దగ్గర కూలబడి, "అత్తా, నువ్వన్నా ఏడువత్తా. మా అత్తను ఇట్ల ఊరికే ఎత్తకపోతారా?" అని బతిమాలింది.

పెద్దమ్మ ఆమె తల నిమిరింది.

"ఏడ్సేసినా తల్లీ. ఆయమ్మ ఇనింది. బాగుండాదని కూడా సెప్పింది."