ఎనిమిదేళ్ళ నాలుగు నెలలు

మా మనవరాలు కెనడాలో, మిస్సిసాగాలో ఉద్యోగం చేస్తూనే, శని ఆదివారాల్లో పనిచేసే ఆర్మీ రిజర్వుకి అప్లై చేసింది. టీవీలో యుద్ధాలు చూసి దాని తల్లి వద్దంది. పొద్దున్నే దీన్ని నిద్ర లేపేవాళ్ళు ప్రభుత్వంలోనైనా ఉన్నారు కదా అని నేను సంతోషించాను.

మెడికల్ ఫారంలో చిన్నప్పటి జబ్బులు అడిగారు. ఇంటిల్లిపాది జ్వరాలూ, టీకాలూ తేదీలు వేసి రాసుకున్న నోటుబుక్కు నా దగ్గరుంది. నేను చదివాను, అది రాసింది. పక్క తడపడం దగ్గర ఆగింది.

"ఇది కూడానా అమ్మమ్మా?"

"అడిగారుగా. రాయి."

గురువారం పదింపావుకి రిజర్వు ఆఫీసులో మెడికల్ పరీక్షకి తోడు వెళ్ళాను. హాల్లో తొమ్మిది కుర్చీలు, మాతో కలిపి ఏడుగురం. అందులో మా వీధి తెలుగావిడ ఒకరు, కూతురితో వచ్చింది. కౌంటర్లో అతను ఫారం చూస్తూ, చేపలమ్మే గొంతుతో ఇంగ్లీషులో అడిగాడు: "తొమ్మిదేళ్ళ దాకా పక్క తడిపేదానివా?"

నేను లేచి నిలబడ్డాను. "తొమ్మిది కాదు. ఎనిమిదేళ్ళ నాలుగు నెలలు."

పరీక్ష కాకుండానే వచ్చేశాం. కార్లో మనవరాలు అంది: "అతను చెప్పాడు. నువ్వు సర్టిఫై చేశావు. నేనింక అక్కడికి వెళ్ళను."

సాయంత్రానికి ఆ తెలుగావిడ ఫోను. "పిల్లకి ఇప్పుడెలా ఉందండీ?"

ఇక ఊరుకోలేదు. మూడు పేజీల ఫిర్యాదు రాశాను, నాలుగు కాపీలు తీశాను. మనవరాలు చదివింది.

"చిన్నప్పుడు కూడా ఇన్నిసార్లు తడపలేదు నేను. ఇందులో పదకొండుసార్లు తడిపించావు. నలుగురికి పంపుతావా?"

లెక్కపెట్టాను. పదకొండే. ఇద్దరికీ నవ్వాగలేదు. కాపీలన్నీ చింపేసి అది రెండే వాక్యాలు రాసింది: "నా ఆరోగ్య వివరాలు అందరి ముందు బిగ్గరగా చదివారు. ఇంకెవరికీ ఇలా చేయకండి."

పంతొమ్మిదో రోజున జవాబొచ్చింది. క్షమించమన్నారు, ఇకమీద తలుపు వేసిన గదిలోనే అడుగుతామన్నారు. మనవరాలు ఉత్తరం రెండుసార్లు చదివి కారు తాళాలు తీసింది.

ఈసారి నేను నోరు తెరవకూడదన్న షరతు మీద వెళ్ళాను. అది లోపల నలభై రెండు నిమిషాలుంది. నవ్వుతూ బయటికొచ్చింది.

"ఏమడిగారే?"

"అది నా సొంత విషయం అమ్మమ్మా."

ఇంటికొచ్చి నోటుబుక్కులో తేదీ వేశాను. పక్కన ఖాళీ వదిలాను.