తర్వాత పాడదామనుకున్న పాటలు

సహోదరులారా, సహోదరీలారా, నాచారంలో మా ఇంటి ముందుకు కూరగాయల బండి వస్తే ఆగమని కేక వేయలేక, గేటు మీద గిన్నెతో కొట్టి పిలిచిన రోజులు నావి. అంతకు కొద్ది వారాల ముందు నా గొంతు వినపడితే కాలేజీ పిల్లలు కుర్చీలెక్కి గంతులేసేవారు. నా పేరు స్వరూప. పెళ్ళిళ్ళలో, కాలేజీ ఫంక్షన్లలో, యూట్యూబ్‌లో హుషారు పాటలు పాడి కాస్త పేరు తెచ్చుకున్నదాన్ని. ప్రభువు నన్ను ఆ మూగతనంలోంచి ఎలా బయటికి తెచ్చాడో మన సంఘ పత్రికకు రాయమని పాస్టరు అయ్యగారు అడిగారు, రాస్తున్నాను. కానీ ఇందులో ఒక బాధ ఇప్పటికీ తీరలేదని ముందే మనవి చేస్తున్నాను.

ఎన్నో ఏళ్ళుగా నాకొక కోరిక ఉండేది. డీజే మోత లేకుండా, వయొలిన్లు, ఫ్లూట్లు, తబలాల వాళ్ళందరూ ఒకే హాల్లో కూర్చుని వాయిస్తుంటే నా సొంత పాటలతో ఒక ఆల్బం చేయాలని, అందులో ఇంకెవరి గొంతూ ఉండకూడదని. పాటలు బస్సులో కొన్ని, వంటింట్లో కొన్ని, షోల మధ్య చెట్టు కింద కూర్చుని కొన్ని, దాదాపు అన్నీ నేనే రాసుకున్నాను. ఒక్కటి మాత్రం మా అత్తమ్మది. ఆమె చదువుకోలేదు, బియ్యం ఏరుతూ తనలో తాను పాడుకునే ప్రార్థననే నేను పాటగా కట్టుకున్నాను. మా ఆయన దానియేలు మీకు తెలిసినవాడే, వారమంతా ఫ్యాక్టరీలో పని చేసి ఆదివారం మన మందిరంలో కీబోర్డు వాయిస్తాడు. ఏ వాద్యం ఎక్కడ మోగాలో ఆయనే కూర్చుని రాశాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. వాయించేవాళ్ళకు పాట దారి తెలియడానికి ముందు గాయని మామూలుగా పాడి పెడుతుంది, దాన్ని ట్రాక్ అంటాం. వాళ్ళు దాన్ని వింటూ వాయించి వెళ్ళిపోతారు. తర్వాత తీరిగ్గా గాయని అసలు పాట పాడుతుంది, అప్పుడు ట్రాక్ తీసి పారేస్తారు. ఉప్పల్‌లో స్టూడియో దొరికిన రోజు సాయంత్రం స్టేడియంలో మ్యాచ్ ఉంది. రోడ్లు నిండిపోకముందే వాద్యాలవాళ్ళంతా బయటపడాలని తొందర. నేను ఒక కాలు చెప్పులోనే ఉంచుకుని, పాట వెంట పాట గబగబా అప్పజెప్పేశాను. అత్తమ్మ పాట పాడుతున్నప్పుడైతే ఫోన్‌లో ఎవరో ఈవెంట్ మేనేజర్‌కు జవాబు కొడుతూనే ఉన్నాను. దానియేలు అద్దం అవతల నుంచి మైక్‌లో అన్నాడు, "అమ్మ పాట స్వరూపా, జర మనసు పెట్టి పాడు."

"ట్రాకే గదా, వచ్చే వారం మంచిగ పాడుత" అన్నాను.

ఆ వచ్చే వారం లోపల నాకు వరసగా షోలు పడ్డాయి. గొంతు బొంగురుపోతే వాపు దిగే సూది వేయించుకుని స్టేజీ ఎక్కడం మా లైన్లో మామూలు సంగతి, దాన్ని మేము తప్పుగా కూడా అనుకోము. సూది పడగానే గొంతు తేటగా పలుకుతుంది, బాగైపోయిందనుకుని ఇంకా ఎక్కువ అరుస్తాం. నేనూ అదే చేశాను. ఒక కాలేజీలో పాట మధ్యలో పై స్వరం అందుకోబోతే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు అది కూడా పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

దవాఖానాలో డాక్టరమ్మ చూసి, గొంతు లోపల సన్నని రక్తనాళం చిట్లి రక్తం గడ్డకట్టిందని, ఆపరేషన్ చేయాలని, ముందూ వెనకా గుసగుస కూడా పనికిరాదని చెప్పింది. మళ్ళీ పాడతానా అని కాగితం మీద రాసి చూపిస్తే, ఆమె ముందుగా మాట్లాడటం సంగతి చూద్దామంది. ఇంటికొచ్చి నేను దేవుని మీద అలిగాను. మందిరానికి వచ్చేదాన్ని గానీ, పాట ఎత్తుకోగానే బయటికి వెళ్ళి చెప్పుల దగ్గర నిలబడేదాన్ని. మీరంతా పాడుతుంటే వినలేకపోయేదాన్ని, మీలో శ్రుతి తప్పేవాళ్ళ మీద కూడా నాకు అసూయగా ఉండేది.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ బియ్యం చాట పక్కన పెట్టి, లేచి వచ్చి, నా గొంతు మీద చెయ్యి వేసింది. "అయ్యా ఏసయ్యా, గీ పిల్ల గొంతు నువ్వు ఇచ్చిందే. మల్ల ఇస్తే నీ దయ. ఇయ్యకున్నా గిది నా బిడ్డనే. దీని మనసుల ఫికర్ తీసెయ్యి తండ్రీ" అని ప్రార్థించింది. ఇయ్యకున్నా నా బిడ్డనే అన్న మాట దగ్గర నాకు ఏడుపు ఆగలేదు, శబ్దం లేని ఏడుపు. అంతవరకు నేను ఎన్ని ప్రార్థనలు చేసినా అందంగా, పదిమంది వినేలా చేసినదాన్ని. ఆ రోజు మొదటిసారి ఎవరికీ వినపడకుండా, ప్రభువా, పాడకపోయినా నేను నీకు కావాలా అని అడిగాను. జవాబు చెవికి వినిపించిందని నేను చెప్పను. గుండెల మీది బరువు దిగింది, అంత మటుకు నిజం. ఆ తర్వాతి ఆదివారం పాటలు అయ్యేవరకు లోపలే కూర్చున్నాను.

ఆపరేషన్ అయింది, దేవుడు కృప చూపాడు, మాట వచ్చింది. పాట కూడా వచ్చింది గానీ కింది స్వరాల్లోనే వచ్చింది, పైకి వెళ్ళబోతే గొంతు గీసుకుపోతుంది. వాద్యాలన్నీ నా పాత గొంతుకు సరిపడా ఎత్తులో వాయించి ఉన్నాయి. కంప్యూటర్లో వాటి శ్రుతి దించి చూస్తే వయొలిన్లు జలుబు చేసిన మనుషుల్లా మూలిగాయి. అంతమందిని మళ్ళీ కూర్చోబెట్టడం మా శక్తికి మించిన పని. చివరికి ఏం చేశామంటే, తీసి పారేయాల్సిన ఆ ట్రాక్ గొంతునే ఉంచి ఆల్బం విడుదల చేశాం.

సహోదరులారా, జనం మెచ్చుకున్నారు, కాదనను. కానీ ఆ పాటల్లో ఎక్కడ నేను గడియారం చూశానో, ఎక్కడ ఊపిరి తీసుకోవడానికి బద్ధకించానో నాకు తెలుసు. అత్తమ్మ రోజూ తన పాట ఫోన్‌లో పెట్టుకుని వింటుంది, "మస్తు పాడినవ్ బిడ్డా" అంటుంది. నేను తల వంచుకుని అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను. ఆ పాట మనసు పెట్టి పాడే గొంతు నాకు ఉన్నప్పుడు నేను పాడలేదు, ఈ విచారం నన్ను విడిచిపెట్టదు. దేవుడు నన్ను క్షమించాడు, అయినా ఆ రోజు మళ్ళీ రాదు.

నేను తిరిగి మీతో కలిసి నోరు తెరిచిన మొదటి ఆదివారం మీకు గుర్తుండే ఉంటుంది. రెండో చరణం దగ్గర అందుకోలేక ఆగిపోయాను. దానియేలు వాయించడం ఆపి, కీబోర్డు మీద చేతులు కింది శ్రుతికి జరిపి, ఆ పాటనే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, మీరంతా నా కోసం కిందికి దిగి పాడారు. నన్ను అలా దగ్గరికి తీసుకున్న నా తండ్రికే స్తుతులన్నీ చెందాలి.

ఆరోగ్యం కుదిరాక, మనసు కుదిరాక ప్రభువు దగ్గరికి వద్దాంలే అనుకుంటున్న అక్కలూ అన్నలూ ఎవరైనా ఇది చదువుతుంటే, నా మాట విని ఈ ఆదివారమే రండి. ఉన్న గొంతుతోనే రండి. మీకు అందకపోతే పాట ఆపి, కిందికి దించి, మళ్ళీ మొదలుపెడతాం.