పొట్టిదైంది

మా బాబాయి గాలం కర్రలు విరగవు, పొట్టివవుతాయి. ఆయన ఎదుట ‘విరిగింది’ అంటే, కొత్త బట్ట మీద మరక చూసినట్టు మనల్ని చూస్తాడు.

బాబాయి టైలరు. రోజంతా ఇస్త్రీ పెట్టె మోసే చేతికి సెలవు రోజున కూడా బరువెందుకని, బజారులో దొరికే కర్రల్లోకెల్లా తేలికైనదే కొంటాడు. అవి ఎంత తేలికో అంత సున్నితం. ఒకదానికి ఎప్పుడో రాయి తగిలి కంటికి కనిపించని బీట పడుతుంది. తర్వాతెప్పుడో అరచేయంత చేపకే ఫట్టుమంటుంది. ఇంకోదాన్ని, చేపను చేతి వలతో అందుకోకుండా, చేపతో సహా గాల్లోకి లేపేసరికి పైసగం కిందికి దిగుతుంది. బాబాయి మెడలోని టేపు తీసి మిగిలింది కొలుస్తాడు. ఇప్పుడే ఫిట్టింగు కుదిరిందంటాడు.

కాస్త లావు కర్ర తీసుకోండి, విరగదు అని దుకాణదారు ఒకసారి సలహా ఇచ్చాడు. బాబాయి నొచ్చుకుని, తనది ఇంతవరకు ఒక్కటీ విరగలేదని చెప్పి, మళ్లీ ఆ తేలిక రకమే పట్టుకొచ్చాడు. దుకాణదారు గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపాడట.

ఇక నా సంగతి. ఇంట్లో నన్ను పొట్టోడంటారు. ఎత్తు మాట అలా ఉంచితే, నా చేతిలో పడ్డ వస్తువు ఒక్క ముక్కగా తిరిగి రాదు. అలాంటి నాకు, ఎవరినీ ముట్టనివ్వని కొత్త కర్రను బాబాయి ఎరువిచ్చాడు. చేపలు పట్టడంలో నా అంతవాడు లేడని ఆఫీసులో కోతలు కోసి, వాళ్లతో చేపల వేటకు ఒప్పుకుని ఉన్నాను మరి. తీరా బయల్దేరే ముందు కారు తలుపు ధడాలున వేశాను. కర్ర కొస ఇంకా బయటే ఉంది.

బాబాయి ఇక నన్ను నమ్మి ఏదీ చేతికివ్వడన్న దిగులుతో, ముక్కలు వీపు వెనక దాచుకుని పిన్ని దగ్గరకు వెళ్లాను. ఆవిడ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

“కాపురానికొచ్చిన కొత్తలో ఆయన గాలం కర్రతో బూజు దులిపానురా. ఫ్యాను తగిలి రెండైంది. నేను వణికిపోతుంటే, విరగలేదు, పొట్టిదైంది, నాకిదే వీలుగా ఉంది అన్నారు. అప్పట్నుంచీ అదే మాట. ఇప్పుడు విరిగిందంటే, ఆ రోజు చెప్పింది అబద్ధమని నాకు తెలిసిపోతుందని ఆయన భయం.”

“నీకు తెలియదా పిన్నీ?”

“నాకు తెలుసని ఆయనకు తెలియదు. నువ్వు నోరు జారకు.”

ఇంతలో బాబాయి రానే వచ్చాడు. ముక్కలు చూడగానే ముఖం వాడిపోయింది. ఆయన ఒకసారి పిన్ని వైపు చూసి, మెల్లగా టేపు తీశాడు. ముందు కర్రను కొలిచాడు. తర్వాత నన్ను నెత్తి నుంచి పాదం దాకా కొలిచాడు.

“పొట్టిదైందిరా. సరిగ్గా నీ కొలతే. నువ్వే ఉంచుకో.”

ఆయన్ను అమాంతం కౌగిలించుకోవాలనిపించింది. ఆయన కళ్లద్దాలు కూడా పొట్టివవుతాయేమోనని ఆగాను.

ఇప్పుడు సెలవు రోజున ఇద్దరం కలిసే వెళ్తున్నాం. ఆ కర్రతో ఎంత బలంగా విసిరినా నా గాలం నా కాళ్ల దగ్గరే పడుతుంది. ఒడ్డున తిరిగే చేపలకు అదే సరైన పద్ధతంటాడు బాబాయి.