వేప నీళ్లు, పతంగి కాగితం

పోయిన సోమవారం పొద్దున నా భార్య చనిపోయింది. గౌలిపురలో మా ఇంటి ముందుకు వచ్చినవాళ్లలో బంధువులు తక్కువ. ఆమె చేతి నీళ్లతో మొహం కడుక్కుని పెద్దయిన ఆడవాళ్లే ఎక్కువ. ఎవరూ మొహానికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఏడుపు నాకు తర్వాత వచ్చింది. ముందు గర్వమే కలిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె బాలికల హైస్కూల్లో సైన్సు టీచర్. చదివింది వృక్షశాస్త్రం. మా వంటింట్లో ఒక కిరోసిన్ స్టవ్వు అన్నానికి, ఇంకొకటి ఆకులకు. వేపాకు, వట్టివేరు నీళ్లలో వేసి సన్నటి సెగ మీద ఉంచేది. మూతపెట్టి చల్లార్చి పల్చటి గుడ్డలో వడగట్టేది. జిడ్డు మొహాలతో, మొటిమలతో బాధపడే పిల్లలకు ఇచ్చేది. ఏ పూట నీళ్లు ఆ పూటే. మిగిలినవి పారబోసేది.

ఏదైనా ముందు నా మీదే. నా మొహం కూడా జిడ్డే. నేను లేవగానే పతంగి కాగితం ముక్క నుదుటికి అద్ది, కిటికీ వెలుగుకు పట్టి చూసేది. నూనె పీల్చిన చోట కాగితం అద్దంలా అయ్యేది.

"ఇయ్యాల మీ నుదుట్లకెల్లి ఎదురింటి బర్రెలు గూడ కనపడుతున్నయండీ" అనేది.

మొదట్లో ఒకసారి ఆ నీళ్లలో నిమ్మరసం కలిపింది. నేను ఎర్రగా కందిన మొహంతో నయాపూల్ దగ్గర మా ఆఫీసుకు వెళ్లాను. "ఏంది సార్, ఇంట్ల లొల్లయిందా? మేడం మస్తుగనే ఇచ్చినట్టున్నది" అన్నాడు పక్క సీటాయన. సాయంత్రం చెబితే ఆమె నవ్వలేదు. నిమ్మరసం ఆ రోజుతో బంద్. "మొహమేమన్న గిన్నెనా, రుద్ది తోమనీకి" అని తనను తానే కోప్పడింది. ఆ మాట తర్వాత ఎంతమందికి చెప్పిందో.

ఎదురింటివాళ్లది పాల వ్యాపారం. వాళ్లింట్లో ఆడపిల్ల పుడితే మొహానికి మీగడ రాయడం తాతల నాటి నుంచి ఉంది. పాలామెకూ, ఆమె అత్తకూ మొహాలు వెన్నలా ఉండేవి. కూతురికి మాత్రం ఎదిగే వయసులో జిడ్డు కారి మొహం నిండా మొటిమలు లేచాయి. తల్లి మీగడ ఇంకా మందంగా రాసింది. పిల్ల కాలేజీ మానేసింది. ఆ ఏడు బోనం ఎత్తాల్సింది తనే. మొక్కు ఉంది. కుండ నెత్తిన పెట్టుకొని గల్లీ అంతా చూస్తుండగా గుడిదాకా నడవాలి. "నేనెత్తను" అని తలుపేసుకుంది.

నా భార్య వాళ్లింటికి వెళ్లి మీగడ ఆపమంది.

పాలామెకు కోపం వచ్చింది. "మా ఇంట్ల పుట్టిన పిల్లకు మీగడ వద్దంటవా టీచరమ్మా? రేపు మా పాలు గూడ మంచిగ లేవంటవ్."

"నీ పాలు బంగారమక్కా. పిల్లను తాగనియ్యి. మొహానికి మాత్రం వద్దు. బోనాలనాటికి బోనం నేనే ఎత్తుతనని పిల్లే అంటది. అనకుంటే ఈ ఆకులు కాసుడే బంజేస్త."

అన్నంత పనీ చేసే మనిషి. నాకు భయమేసింది.

పిల్ల రోజూ పొద్దున మా ఇంటికి వచ్చేది. వేప నీళ్లతో మెల్లగా కడుక్కోవడం, నుదుటికి కాగితం. కాగితం మీద మరక కొన్నాళ్లు తగ్గింది. తర్వాత మళ్లీ పెరిగింది. బోనాల ఆషాఢం దగ్గర పడుతోంది. ఒక పొద్దున నా భార్య ఆ కాగితం వాసన చూసి నాకు అందించింది. పాల వాసన.

పిల్ల నిద్రపోయాక తల్లే మీగడ రాస్తోంది. మనసొప్పక.

గొడవ అవుతుందనుకున్నాను. నా భార్య ఆకుల గిన్నె చంకన పెట్టుకొని ఎదురింటికి నడిచింది. నేనూ వెనక వెళ్లాను.

"అక్కా, రేపటి సంది ఇది నువ్వే కాయాలె."

"నాకిది కాసుడేమొస్తది టీచరమ్మా?"

"ఇది తెర్లితే ఖరాబైతది. సన్నటి సెగ మీద, పొంగనియ్యకుండ కాయాలె. గా చెయ్యి గల్లీల నీకు తప్ప ఎవరికున్నది? నాకైతే స్కూలు తొందరల రెండు దినాలకోసారి తెర్లుతున్నది."

పాలామె గిన్నె వైపు చూసింది. కూతురి వైపు చూసింది. "ఫికర్ చెయ్యకు. ఇటియ్యి" అంది.

ఆ రోజు నుంచి మీగడ ఆగింది. పాలు కాచే చేత్తో ఆమె వేప నీళ్లు కాచింది. మా గిన్నెలో కన్నా తేటగా దిగేవి. నా భార్య ఆ మాట అందరికీ చెప్పేది. ఆ గర్వంతో పాలామె వేప నీళ్ల గురించి పాలు కొనే గిరాకీలకు కూడా చెప్పడం మొదలుపెట్టింది.

మొన్న సోమవారం, ఇప్పుడు ముసలిదైన ఆ పాలామే మా పొయ్యి ముందు కూర్చొని వేప నీళ్లు కాచింది. పొంగనివ్వలేదు. కూతురు ఆ నీళ్లతో నా భార్య మొహం తుడిచింది. రుద్దలేదు.

ఇవాళ నా కళ్ల ముందున్నది మాత్రం ఆ బోనాల పొద్దు. వాకిట్లో కొత్త కుండ, దానికి కట్టిన వేపమండలు. పాలామె పసుపు గిన్నెతో కూతురి మొహం దగ్గరికి వచ్చింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది.

"కాళ్లకు చాలమ్మా. మొహానికి వద్దు. కనపడనియ్యి. బోనం నేనే ఎత్తుత."

డప్పుల వాళ్లు ఆగి చూస్తున్నారు. నా భార్య జనాన్ని తోసుకొని వచ్చి, ఎర్ర పతంగి కాగితం ముక్క ఆ పిల్ల నుదుటికి అద్ది, ఎండకు ఎత్తి పట్టింది.

"ఏం కనపడుతున్నది టీచరమ్మా?" అంటూ పాలామె దగ్గరికి జరిగింది.

కాగితం మధ్యలో బియ్యపు గింజంత మరక. మిగతాదంతా ఎరుపే.

"ఏం కనపడుతలేదక్కా!" అని అరిచింది నా భార్య. ఆమె అరవగా నేను విన్నది ఆ ఒక్కసారే.

డప్పులు మోగాయి. పిల్ల కుండ నెత్తికెత్తుకొని, కొంగు భుజం మీదకు తోసి, నడిచింది. గల్లీ మొత్తం వెంట కదిలింది. నా భార్య వాకిట్లోనే నిలబడిపోయింది. చెయ్యి దించడం మరిచిపోయింది. ఆ వేళ్ల మధ్య ఎర్ర కాగితం గాలికి కొట్టుకుంటూనే ఉంది.