అంచు మీద నంబరు

దుర్గ్ జిల్లా కోర్టులో ఒకే ఒక్క ప్రశ్నతో వాణిజ్య దావా గెలిచిన వకీలుని నేను. సనదు చేతికొచ్చిన రెండో ఏడు, వానాకాలం. భిలాయి సెక్టర్ 2లో నాన్నగారి క్వార్టర్ నుంచి స్కూటర్ మీద కోర్టుకి వెళ్లేవాణ్ణి. సీనియర్‌గారు మంచానపడి ఆ ఫైలు నాకప్పగించారు.

కక్షిదారు సింహాచలం, విజయనగరం వైపు మనిషి. చిన్న ఫౌండ్రీలో క్రేన్ చక్రాలు పోతపోసేవాడు. కొనే కంపెనీ ఒక్కటే. అది పగిలిన చక్రం ఒకటి చూపించి సరుకంతా తిరగ్గొట్టింది. ఆ తిరస్కరణ చెల్లదని మా దావా. ఓడితే సరఫరాదారుల జాబితాలోంచి పేరు పోతుంది, ఫౌండ్రీకి తాళం పడుతుంది. ఎలాగైనా నిలబెట్టాలని పంతం పట్టాను.

కొలిమిలో ఒక్కో విడత కరిగించిన ఉక్కుకి హీట్ నంబరు ఇచ్చి, దాన్ని చక్రం మీద పంచ్‌తో కొడతారు. కంపెనీ కోర్టుకిచ్చిన ఫోటోలోని పగిలిన చక్రం మీద మా నంబరే ఉందని కంపెనీ ఇంజనీరు సాక్ష్యమిచ్చాడు. నేను లేచి, ఆ నంబరు చక్రంలో ఎక్కడుందని అడిగాను. అంచు మీద, అన్నాడు. లేత్ మీద అంచు చెక్కితే నంబరు చెరిగిపోతుందని మావాళ్లు లోపలి పలక మీదే కొడతారు. ఏ ఫౌండ్రీ నంబర్లు ఆ ఫౌండ్రీవే కనుక ఒకే అంకె రెండు ఫౌండ్రీల్లో పడవచ్చు. పగిలింది వేరేవాళ్ల చక్రం. దావా మాదైంది.

ఇది బార్ రూములో నేను చెప్పుకునే కథ. ఒప్పుకోవలసింది ఇంకా ఉంది. ఆ ఫోటో మూడు నెలలు నా ఫైల్లోనే పడుంది. నేను అంకె సరిచూశానే గాని చోటు చూడలేదు. ఫౌండ్రీ గుమ్మమే తొక్కలేదు. విచారణ నాటి ఉదయం కోర్టు వరండాలో సింహాచలం భార్య రమణమ్మ ఫోటో లాక్కుని చూసింది.

"పంచ్ కొట్టేది నాను. ఇక్కడ నా సుత్తి ఎప్పుడూ పడనేదు" అంది.

అప్పటినుంచి సరుకు తగాదా ఏదొచ్చినా, కాగితాలకంటే ముందు సరుకు చూశాను. బూట్లకి బూడిద అంటకుండా వచ్చిన జూనియర్‌ని ఫైలు తెరవనివ్వలేదు.

ఇంతవరకూ రాసి, భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉంటున్న రమణమ్మకి చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"సగం ఝూటే, వకీలుబాబూ. ఆ ప్రశ్న నువ్వెక్కడ అడిగినావు? లేచి నిలబడ్డావు, నోరు రానేదు. చీటీ రాసి, జడ్జీగారి ముందు కూకున్న రీడరుబాబు చేతికిచ్చీసినావు. అడిగింది జడ్జీగారు."