నూట పన్నెండు సంతకాలు

వర్నా డిక్ ముప్పై ఏళ్ళు ఊరి ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సుగా చేసింది. కోతలైన కెనడా మానిటోబా పొలాల మధ్య రాత్రంతా ఆరని దీపం అదొక్కటే. ఒక పార్టీ ప్రభుత్వం ఆ విభాగాన్ని మూసింది. తర్వాతి పార్టీ తెరవలేదు. మళ్ళీ తెరిపించాలనే ఆమె, శాసనసభలో ఒక్క సీటూ లేని చిన్న పార్టీ తరఫున ఎన్నికల్లో నిలబడింది.

నామినేషన్‌కు ఓటర్ల సంతకాలు కావాలి. చర్చిలో కోతల విందునాడు టర్కీ కోడి మాంసం పళ్ళేల మధ్య కాగితం తిప్పింది. అక్కడ వడ్డించింది వద్దనరు, అడిగిన సంతకం కాదనరు. పొరుగింటి కార్నీ పెన్నర్ ఆ సాయంత్రమే ముగ్గురు అభ్యర్థులకు సంతకం పెట్టాడు.

"అందరికీ పెడితే ఎట్లా, కార్నీ?"

"మొహం మీద లేదంటే బాగోదు కదా. నీదాంట్లో కాస్త గుండ్రంగా రాశాలే."

నూట పన్నెండు వచ్చాయి. ఒక్కో పేరు చదువుతుంటే, ఎప్పుడో తన వేళ్ళ కింద కొట్టుకున్న నాడి మళ్ళీ తగిలినట్టయింది.

ఓట్లు నలభై ఒకటి. అందులో ఒకటి ఆమెదే.

తెల్లవారేసరికి గుమ్మం ముందు నాలుగు కేకులున్నాయి. "బాగా పోరాడావు" అని నాలుగు చీటీలు. అన్నీ మూతలతో సహా చెత్తడబ్బాలో పడేసింది. ఓడినందుకు కాదు, ఆ మెత్తని మర్యాద నాలుక మీద పాచిలా పేరుకుని, కాఫీతోనూ పోనందుకు.

పదింటికి కార్నీ అరచేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. రోడ్డు పక్కన ఆమె ప్రచార బోర్డులు పీకిపెడుతుంటే ఇనప తీగ కోసేసిందట. తువ్వాలు ఎర్రగా తడిసిపోతోంది.

"ఓటెవరికేశావు?" గాయం కడుగుతూ అడిగింది.

"ఎప్పుడూ వేసేవాళ్ళకే. గెలవనివాళ్ళకేస్తే ఓటు దండగ కదా, వర్నా."

ఆ చేతిని వదిలేయాలన్నంత రోత పుట్టింది. వదల్లేదు, కట్టు బిగించింది.

"కుట్లు పడాలి. వేసే ఆసుపత్రి ఎనభై కిలోమీటర్ల దూరం."

"నువ్వున్నావుగా, వేసెయ్యి."

"నా దగ్గర సూదీ లేదు, మత్తుమందూ లేదు. అవున్న గదికి తాళమేశారు. పద."

కారు తనే నడిపింది. ఊరి చివర ఆ గది కిటికీలకు కొట్టిన చెక్కల మీద మంచు పేరుకుంది. కార్నీ అటు చూసి, తల వంచుకున్నాడు.

"ఇది ఉండుంటే ఎంత బాగుండేది," అన్నాడు.

వర్నా అతని వైపు చూడలేదు.

"మాట్లాడకు. చెయ్యి పైకెత్తి పట్టుకో," అంది.